అప్‌కీప్ మరిచి కార్డు తీస్తే, తీసిన ఆ కార్డు ఏది?

కొత్తచేయి: మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడేవారు ఈ తగాదా తేల్చాలి. నా వైపు బల్ల మీద ఫిరెక్సియన్ అరీనా అనే కార్డు ఉంది. దాని ప్రకారం నా ప్రతి అప్‌కీప్ (టర్న్‌లో మామూలు కార్డు తీసే డ్రా స్టెప్‌కు ముందు మెట్టు) మొదట్లో ఒక కార్డు తీసుకుని, ఒక లైఫ్ (ప్రాణం పాయింటు) పోగొట్టుకోవాలి. నా టర్న్ రాగానే అన్నీ అన్‌టాప్ చేసి (వాడినందుకు అడ్డంగా తిప్పిన కార్డులను నిలువుగా పెట్టి) డెక్ పైనుంచి ఒక కార్డు తీశాను. ల్యాండ్ (మానా అనే ఖర్చు శక్తిని ఇచ్చే కార్డు) పెట్టాను. అప్పుడు అరీనా గుర్తొచ్చి రెండోది తీయబోతే అవతలి ఆటగాడు చెయ్యి అడ్డం పెట్టి, అరీనా అవకాశం పోయిందన్నాడు. నా వాదన ఇది: నేను తీసినదే అరీనా కార్డు. డ్రా స్టెప్‌లో తీయవలసినది ఇంకా బాకీ ఉంది. అది ట్రిగ్గర్ (ఫలానా సమయం రాగానే కార్డు మీది మాట ప్రకారం జరిగే పని) కాదు కాబట్టి మరిచినా రద్దయ్యేది కాదు.

నిదానం: వాదన బాగుంది. లైఫ్ తగ్గించారా?

కొత్తచేయి: రెండు కార్డులూ తీశాక ఒకేసారి తగ్గిద్దామనుకున్నాను.

నిదానం: అయితే తీసినది మామూలు కార్డే. మీ మనసులో ఏముందో కాగితం మీది లైఫ్ అంకె చెబుతోంది.

మెరుపు: వాడకుండా మిగిలిన మానాకు కూడా లైఫ్ పోతుంది కదా. అది లెక్కపెట్టారా?

నిదానం: ఆ నియమాన్ని 2009లోనే తీసేశారు. అసలు అప్‌కీప్ ఎందుకు మరిచిపోతామంటే, అందులో చేతికి పని లేదు. అన్‌టాప్‌లో కార్డులు తిప్పుతాం, డ్రాలో కార్డు తీస్తాం. మధ్యలో ఉన్న మెట్టు మీద కాలు పెట్టకుండానే దాటేస్తాం. నిజానికి ఆ టర్న్‌లో మొదటిసారి ప్రయారిటీ, అంటే కార్డు వేసే అవకాశం, వచ్చేది అక్కడే. అన్‌టాప్ స్టెప్‌లో ఎవరికీ ప్రయారిటీ ఉండదు. ఆ సమయంలో ఏదైనా ట్రిగ్గర్ అయినా అప్‌కీప్ దాకా ఆగవలసిందే.

తీరిక: డెక్ మీద ఒక పాచిక పెట్టుకోండి. దాన్ని జరపకుండా కార్డు తీయలేరు. జరిపేటప్పుడు గుర్తొస్తుంది.

పాతపెట్టె: ఆ అవతలి ఆటగాణ్ని నేనే. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటున్నాడు. పోటీ స్థాయిలో ఎవరి ట్రిగ్గర్ వారే గుర్తుంచుకోవాలి. ఎదుటివారు గుర్తుచేయనక్కరలేదు.

కొత్తచేయి: మనం ఆడినది పోటీ కాదు, మీ ఇంట్లో ఇద్దరమే.

నిదానం: సాధారణ స్థాయిలో కూడా గుర్తుచేయాలా వద్దా అన్నది ఎదుటివారి ఇష్టమే. అయితే ఒక తేడా ఉంది. కార్డు మీద 'చేయవచ్చు' అని ఉంటే, వద్దనుకున్నట్టు లెక్క. అరీనాలో ఆ మాట లేదు, కార్డు తీయడం తప్పనిసరి. అలాంటప్పుడు దాన్ని ఇప్పుడు జరిపితే ఆట చెడుతుందా అని జడ్జి చూస్తారు. ల్యాండ్ పెట్టడం ఒక్కటే జరిగి ఉంటే నేనైతే ఒప్పుకుంటాను. అరీనా పని జరగలేదన్న లెక్కతో ఎవరైనా పెద్ద నిర్ణయం తీసుకుని ఉంటే మాత్రం కుదరదు.

కొత్తచేయి: విన్నావా? ల్యాండ్ ఒక్కటే.

పాతపెట్టె: ఒక సంగతి దాచావు. నువ్వు కార్డు తీశాక, డ్రా స్టెప్‌లోనే నేను ఒక ఇన్‌స్టంట్ (ఎదుటివారి టర్న్‌లో కూడా వేయగల కార్డు) వేశాను. నీకు అరీనా కార్డు రాలేదు కాబట్టే, నీ కార్డును అడ్డుకునే కౌంటర్ కోసం దాచుకున్న మానా దానికి ఖర్చుపెట్టాను. ఇది పెద్ద నిర్ణయం కాదా?

నిదానం: ఇది ముందే చెప్పి ఉండాల్సింది. అయితే అరీనా పోయినట్టే.

కొత్తచేయి: అంటే నేను మరిచిన సంగతి అప్పుడే చూశావు. చూసి నోరు మూసుకుని, పైగా దాని మీద లెక్క వేసుకున్నావు.

పాతపెట్టె: నియమం ఒప్పుకుంటుంది.

కొత్తచేయి: పోయిన నెల నీ సాగా కార్డు మీద లోర్ కౌంటర్ (దాని కథ ఎంతవరకు వచ్చిందో చూపే గుర్తు) పెట్టడం మరిచావు. రెండుసార్లు. రెండుసార్లూ నేనే చెప్పాను.

పాతపెట్టె: ఆ కౌంటర్ పెట్టడం ట్రిగ్గర్ కాదు. డ్రా తర్వాత వచ్చే మొదటి మెయిన్ ఫేజ్ మొదలవగానే తప్పక జరగవలసిన పని. జరగకపోతే చెప్పడం నీ బాధ్యత. నువ్వు ఉపకారమేమీ చేయలేదు.

మెరుపు: ఈ మాట అనకుండా ఉండాల్సింది.

కొత్తచేయి: నేను చెప్పేటప్పుడు నాకు ఈ తేడా తెలియనే తెలియదు. నువ్వు ఓడకూడదని చెప్పాను, అంతే. ఆట నేర్పినవాడివి నువ్వు. అప్‌కీప్ అనే మెట్టు ఉందని చెప్పినవాడివీ నువ్వే. నేను అది దాటేస్తుంటే చూస్తూ కూర్చున్నావు.

పాతపెట్టె: నేను వెళ్లిన మొదటి పోటీలో చివరి ఆట ఇలాగే పోయింది. అప్‌కీప్ ట్రిగ్గర్ మరిచాను. ఎదుటి మనిషి ఒక్క మాట అనలేదు, గెలిచాక చెయ్యి కలిపాడు. ఆ తర్వాత నేను ఏ ట్రిగ్గరూ మరవలేదు. నువ్వు పోటీకి వెళతానన్నావు. అక్కడ ఎవరు గుర్తుచేస్తారు?

కొత్తచేయి: పోటీకి వెళతానన్నది నువ్వు. నేను సరే అన్నాను. నాకు సాయంత్రం రెండు ఆటలు ఆడుకుంటే చాలు.

నిదానం: ఇక నేను చెప్పడానికి నియమం ఏమీ మిగల్లేదు.

పాతపెట్టె: ఈ ముక్క ముందే చెప్పి ఉంటే?

కొత్తచేయి: నువ్వు అడగలేదు. ఆదివారం వస్తాను. డెక్ మీద పాచిక పెట్టుకుంటాను.

పాతపెట్టె: పెట్టుకో. పోటీలో కూడా పెట్టుకోవచ్చు.

కొత్తచేయి: మళ్లీ పోటీ అంటున్నావు.