వేసవి శిబిరాలకు పిల్లలను పంపడం మంచిదేనా? వాటిని పర్యవేక్షించేది ఎవరు?

ప్రశ్న – హైదరాబాద్ నుంచి ఒక తల్లి

ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులు ఇస్తే మళ్లీ జూన్ 12 దాకా తెరవరు. మేమిద్దరం ఉద్యోగస్థులం కావడం వల్ల, ఆరో తరగతి పూర్తి చేసిన మా అమ్మాయి పగలంతా ఫోనుతోనే గడుపుతోంది. అనంతగిరి కొండల దగ్గర ఒక ప్రైవేటు సంస్థ నిర్వహిస్తున్న పది రోజుల శిబిరానికి తన తరగతి పిల్లలు కొందరు వెళ్తున్నారని, తననూ పంపమని అడుగుతోంది. రాత్రుళ్లు కూడా అక్కడే ఉండాలి. కొండలెక్కడం, ఈత, గుడారాల్లో బస, నాటకాలు ఉంటాయని కరపత్రంలో రాశారు.

వివరాలు కనుక్కుందామని వారి కార్యాలయానికి వెళ్లాను. ఈ శిబిరానికి ఏ శాఖ అనుమతి తీసుకున్నారని అడిగితే జీఎస్టీ నమోదు పత్రం చూపించారు. రాత్రిపూట ఆడపిల్లల దగ్గర ఎవరు ఉంటారని అడిగితే "అందరూ మా నమ్మకమైన మనుషులేనండీ" అన్నారు. దరఖాస్తు చివర చిన్న అక్షరాలతో, శిబిరంలో జరిగే ఏ ప్రమాదానికీ నిర్వాహకులు బాధ్యులు కారని రాసి, దాని కింద తల్లిదండ్రుల సంతకం కోసం ఒక గీత గీశారు. ఆ సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

అలాగని పిల్లను ఇంట్లోనే కట్టడి చేయాలనీ లేదు. ఇటువంటి శిబిరాల వల్ల పిల్లలకు నిజంగా మేలు జరుగుతుందా? మన రాష్ట్రాల్లో వీటిని చూసే అధికారి అంటూ ఎవరైనా ఉన్నారా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం – విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, వరంగల్

అమ్మా, మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు నా జవాబు సందేహం లేకుండా అవుననే. బడిలో ఆటల పీరియడ్‌ను కూడా గణితానికో సైన్సుకో ఇచ్చేసే రోజులివి. ఏడాదంతా బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు వేసవిలో నెల రోజుల పాటు తెల్లవారుజామున మైదానానికి వస్తే అతని నడకలోనే తేడా కనిపిస్తుంది. ఓడిపోయినా మర్నాడు మళ్లీ రావాలన్న సంగతి, తనకంటే చిన్నవాడికి బంతి అందించాలన్న సంగతి పుస్తకం చదివితే వచ్చేవి కావు. హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ ఏటా నామమాత్రపు రుసుముతో వేసవి క్రీడా శిక్షణ శిబిరాలు నడుపుతుంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో సంగీతం, నృత్యం, చిత్రలేఖనం నేర్పుతారు. ముందుగా అలాంటి పగటి శిబిరాలను చూడండి. పిల్ల రాత్రికి ఇంటికి వస్తుంది కనుక ఆ రోజు ఏం జరిగిందో మీరు అడిగి తెలుసుకోవచ్చు.

ఇక కొండలు, నీళ్ల విషయం. 2014 వేసవిలో రెండు వారాల తేడాతో జరిగిన రెండు సంఘటనలను నేను ఎప్పటికీ మరచిపోలేను. మే 25న నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు కూడా నిండని వయసులో, ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు శిఖరాన్ని చేరింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో, విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వారితోపాటు యాత్ర నిర్వాహకుడు ఒకరు, లార్జీ ఆనకట్ట నుంచి ఒక్కసారిగా వదిలిన నీటికి బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పూర్ణను నేరుగా ఎవరెస్టుకు తీసుకెళ్లలేదు. మొదట భువనగిరి కోట బండ మీద తాడు పట్టుకోవడం నేర్పారు, తర్వాత డార్జిలింగ్‌లో, ఆ తర్వాత లడఖ్ చలిలో శిక్షణ ఇచ్చారు. ప్రతి మెట్టులోనూ ఆ విద్య తెలిసినవారు పక్కన ఉన్నారు. నది మధ్య రాళ్ల మీద నిలబడిన ఆ విద్యార్థులకు మాత్రం, ఎగువన ఆనకట్ట ఉందనీ ఏ క్షణంలోనైనా నీరు రావచ్చనీ సకాలంలో చెప్పినవారు లేరు. అందువల్ల కొండ ఎక్కిస్తామన్నవారిని, ఎక్కించే మనిషి ఎక్కడ శిక్షణ పొందాడని అడగండి. ఈత నేర్పుతామన్నవారిని, ఒక్కో శిక్షకుడికి ఎంతమంది పిల్లలను అప్పగిస్తారని, నీళ్లలోకి దిగకుండా గట్టు మీద నిలబడి కేవలం తలలు లెక్కపెట్టే మనిషి ఒకరు ఉంటారా అని అడగండి. ఈత కొలనులో మునిగిపోయే పిల్ల కేకలు వేయదు, చేతులు ఊపదు, చప్పుడు లేకుండా మునిగిపోతుంది. పక్కనే ఆడుకుంటున్న పిల్లలకు కూడా తెలియదు. గట్టు మీద మనిషి లేని కొలనులోకి పిల్లలను దించకూడదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం.

మే నెల ఎండల్లో ఉదయం తొమ్మిది దాటాక ఆరుబయట ఆటలు పెట్టే శిబిరమైతే, మిగతా హంగులు ఎన్ని ఉన్నా వద్దనుకోండి.

సమాధానం – న్యాయవాది, విజయవాడ

మీ రెండో ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. బడికి విద్యాశాఖ గుర్తింపు కావాలి. నిరాశ్రయ బాలల వసతి గృహాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదు చేయాలి. భోజనం వండిపెట్టేవారికి ఆహార భద్రతా చట్టం కింద లైసెన్సో నమోదో ఉండాలి. పది రోజులు నడిచి ముగిసిపోయే వేసవి శిబిరం వీటి నడుమ సందులో పడిపోతుంది. బడి కాదు కనుక విద్యాశాఖ పట్టించుకోదు, వసతి గృహం కాదు కనుక శిశు సంక్షేమ శాఖ చూడదు. మీకు జీఎస్టీ పత్రం చూపించడానికి కారణం అదే. పన్ను కడుతున్నారన్న సంగతి తప్ప పిల్లల గురించి అందులో ఒక్క అక్షరమూ ఉండదు.

అంతమాత్రాన వారికి ఏ చట్టమూ వర్తించదని అనుకోవద్దు. లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే 2012 నాటి పోక్సో చట్టం కింద 2020లో కొత్త నియమాలు వచ్చాయి. బడులు, శిశు సంరక్షణ కేంద్రాలు, క్రీడా అకాడమీలతోపాటు పిల్లల కోసం ఏర్పాటు చేసిన మరే ఇతర సంస్థ అయినా సరే, పిల్లలతో తరచూ మెలిగే ప్రతి ఉద్యోగి పూర్వాపరాలను, అతడు బోధకుడైనా కాకపోయినా, శాశ్వత ఉద్యోగి అయినా కాంట్రాక్టు మీద వచ్చినవాడైనా, పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు తనిఖీ చేయించి తీరాలని ఆ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. పిల్లల భద్రతపై సిబ్బందికి శిక్షణ ఇప్పించడం కూడా అందులోనే ఉంది. "నమ్మకమైన మనుషులు" అన్న మాట ఈ తనిఖీకి ప్రత్యామ్నాయం కాదు. అదే చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలి. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష, జరిమానా పడతాయి.

మీరు సంతకం పెట్టని ఆ గీత గురించి కూడా ఒక మాట. నిర్వాహకుల నిర్లక్ష్యం వల్ల పిల్లకు హాని జరిగితే, బాధ్యులం కామని ముందుగా రాయించుకున్నంత మాత్రాన వారు తప్పించుకోలేరు. క్రిమినల్ కేసు విషయంలో ఆ కాగితానికి విలువే లేదు. రుసుము తీసుకుని సేవ అందిస్తున్నారు కనుక వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. పై సమాధానంలో ప్రస్తావించిన బియాస్ దుర్ఘటనలో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2016లో తీర్పు ఇస్తూ, అందులో కొంత వాటాను కళాశాల కూడా భరించాలని చెప్పింది. అయితే పరిహారం అన్నది అంతా జరిగిపోయాక వచ్చేది. శిబిరం మొదలు కావడానికి ముందే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో నమోదు చేయించడం, సిబ్బంది జాబితాను స్థానిక పోలీసు స్టేషన్‌లో ఇవ్వడం తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులు వస్తే చాలావరకు మేలు జరుగుతుంది.

సమాధానం – గ్రామీణ సైన్సు శిబిరాల కార్యకర్త, అనంతపురం

న్యాయవాది గారి ఆవేదన నాకు అర్థమైంది, కానీ నమోదు విషయంలో నాకు భయం ఉంది. మేము కొందరం ఉపాధ్యాయులం ప్రతి వేసవిలో ఏదో ఒక పల్లె ప్రభుత్వ బడిలో పిల్లలకు ఉచితంగా శిబిరం పెడుతున్నాం. సూదిబెజ్జపు కెమెరా తయారు చేయించడం, రాత్రిపూట డాబా మీద నక్షత్రాలు చూపించడం, ఊరి చెరువు నీటిని పరీక్షించడం వంటివి చేయిస్తాం. మధ్యాహ్నం మజ్జిగన్నం ఊరివాళ్లే పంపిస్తారు. రేపు లైసెన్సు, తనిఖీ రుసుము, అగ్నిమాపక పత్రం కావాలంటే మొదట మూతపడేది మాలాంటి శిబిరాలే. డబ్బున్న సంస్థలు అన్ని కాగితాలూ తెచ్చుకుని గోడకు అద్దాలు కట్టి తగిలిస్తాయి. సెలవుల్లో పాఠాలు చెప్పవద్దని ప్రభుత్వం ఏటా హెచ్చరిస్తున్నా, సమ్మర్ క్యాంప్ అన్న పేరు పెట్టి వచ్చే ఏడాది పాఠ్యాంశాలు మొదలుపెట్టే విద్యాసంస్థలను ఇప్పుడున్న అధికారులే ఆపలేకపోతున్నారు కదా.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయాలు నడిపే వేసవి విజ్ఞాన శిబిరాలను చూడండి. కథలు చదివిస్తారు, బొమ్మలు వేయిస్తారు, చదరంగం ఆడిస్తారు. తలుపులు తెరిచే ఉంటాయి, పత్రికలు చదివే పెద్దలు అదే గదిలో కూర్చుంటారు, ఏ తల్లి అయినా ఎప్పుడైనా లోపలికి రావచ్చు. పదిమంది కళ్లముందు జరిగే పనికి అదే పెద్ద కాపలా. తల్లిదండ్రులను లోపలికి రానివ్వని శిబిరం ఏదైనా సరే, దాని దగ్గర ఎన్ని కాగితాలున్నా నేను మా పిల్లలను పంపను.

సమాధానం – డాలస్ దగ్గర స్థిరపడిన ఒక తండ్రి

మేముండే టెక్సాస్‌లో వేసవి శిబిరాలకు రాష్ట్ర ఆరోగ్య శాఖ లైసెన్సు ఉంటుంది, తనిఖీ అధికారులు వస్తారు, సిబ్బంది నేరచరిత్రను పరిశీలిస్తారు. అయినా 2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నది పొంగి, క్యాంప్ మిస్టిక్ అనే బాలికల శిబిరంలో పిల్లలు, వారిని చూసుకునే యువతులు కలిపి 27 మంది చనిపోయారు. సరిగ్గా రెండు రోజుల ముందే తనిఖీ అధికారి ఆ శిబిరానికి వచ్చి, అత్యవసర ప్రణాళిక ఉందని నమోదు చేసి వెళ్లారు. ఆ వార్త చదివిన రాత్రి మా పాప గది తలుపు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులే శాసనసభకు వెళ్లి మాట్లాడగా, ఆ సెప్టెంబరులో కొత్త చట్టాలు వచ్చాయి. వరద ముంపు ప్రాంతంలో పిల్లల గదులు ఉండకూడదని, ప్రమాదం వచ్చినప్పుడు పిల్లలను ఎటు తరలించాలో ప్రణాళిక సిద్ధంగా ఉండాలని అందులో పెట్టారు.

కార్యకర్త గారి భయం న్యాయమైనదే. అయితే కాగితం చాలదన్నది నిజమైనా, కాగితమే వద్దనడం సరికాదు. రుసుము లేకుండా, ఉచిత శిబిరాలకు భారం కాకుండా నమోదు చేసే మార్గం ఉండవచ్చు. రాత్రి బస ఉన్న శిబిరాలకు, నీళ్లలోకి దించే శిబిరాలకు కఠినమైన నియమాలు, గ్రంథాలయంలో కథలు చెప్పే శిబిరాలకు తేలికైనవి పెట్టవచ్చు కదా. ప్రశ్న అడిగిన సోదరి గారికి నా విన్నపం ఒక్కటే: ఆ చోటును పగలు వెళ్లి చూడండి. రాత్రి వాన వస్తే, ఒక పిల్లకు జ్వరం వస్తే, ఏ వాహనంలో ఎంత దూరంలోని ఆసుపత్రికి తీసుకెళ్తారో అడగండి.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ ధన్యవాదాలు. ఈ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని మళ్లీ ఆ కార్యాలయానికి వెళ్లాను. ఈత శిక్షకుడి ధ్రువపత్రం చూపించారు. రాత్రి ఆడపిల్లల గుడారాల దగ్గర ఇద్దరు మహిళలు ఉంటారని రాతపూర్వకంగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పోలీసు తనిఖీ గురించి అడిగితే మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదని, వచ్చే ఏడాది నుంచి చేయిస్తామని అన్నారు. వచ్చే ఏడాది చేయించాకే మా అమ్మాయి వస్తుందని చెప్పి, దరఖాస్తు తిరిగి ఇచ్చేశాను. ఆ శిబిరానికి వెళ్తున్న మా అమ్మాయి తరగతి పిల్లల తల్లులకూ విషయం చెబితే, వారిలో ఒకరు తానూ అడుగుతానన్నారు.

అమ్మాయి ఒక రోజంతా అలిగింది. సోమవారం నుంచి మా ఇంటి దగ్గరి మైదానంలో నగరపాలక సంస్థ వారి బ్యాడ్మింటన్ శిక్షణ మొదలవుతుంది, పేరు నమోదు చేయించాను. ఉదయం ఆరింటికి వాళ్ల నాన్న తోడు వెళ్తారు. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి మనం కలిసి ఒక వినతిపత్రం ఇస్తే బాగుంటుందని అనుకుంటున్నాను. న్యాయవాది గారు నమూనా రాసి ఇవ్వగలిగితే, సంతకాలు సేకరించే పని నేను చూసుకుంటాను.