వేలంలో కొన్న 1939 రూపాయి అసలుదేనా? గడువు మూడు రోజులే, చెప్పండి

కొత్తసేకరణ:
అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఆరో జార్జి 1939 రూపాయి కోసం వెతుకుతున్నా. మొన్న ఆన్‌లైన్ వేలంలో కనబడింది. చివరి రెండు నిమిషాల్లో ఇంకొకాయన పాట పెంచుకుంటూ పోయాడు, నేనూ తగ్గలేదు. రెండు నెలల జీతం పెట్టి దక్కించుకున్నా. నిన్న చేతికొచ్చింది. ఇప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టుంది, రాజు జుట్టు గీతలు కూడా అరగలేదు. లిస్టింగ్‌లో "సరిగ్గా తులం బరువు" అని రాశారు. నా కాటాలో 11.38 గ్రాములు చూపిస్తోంది. ఈ తేడా మామూలేనా? వెండో కాదో ఇంట్లో ఎలా చూడాలి? అమ్మినాయన ఇచ్చిన సర్టిఫికెట్‌ను నమ్మొచ్చా? వాపసు గడువు ఇంకా మూడు రోజులే ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

వెండిబిళ్ల:
బ్రదర్, బరువు సంగతి తర్వాత. ముందు ఆ చివరి 9ని పది రెట్ల భూతద్దంలో చూడండి. నేనూ ఒక 1939 కొన్నా. అది 1938. ఎనిమిదిలో కింది సున్నాకి ఎడమ పక్క గీకేసి తొమ్మిది చేశారు. అంకె చుట్టూ ఉన్న చదును భాగం మీద సన్నటి గీతలు కనిపించాయి, అప్పటికి గడువు దాటి పదకొండు రోజులైంది. అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు. 1938వి బాగానే దొరుకుతాయి, 1939వి దొరకవు. ఒక్క అంకె మారిస్తే ధర ఎక్కడికో పోతుంది కాబట్టే ఈ పని చేస్తారు.

తూకంరాళ్లు:
తులం అంటే 10 గ్రాములు. 11.38 వచ్చిందంటే ఎక్కువే వచ్చింది కదా. అనవసరంగా కంగారు పడకండి.

పాతలెక్క:
తూకంరాళ్లు గారూ, దయచేసి కొత్తవాళ్లకి తప్పు చెప్పకండి. పాత తులం 11.66 గ్రాములు. బ్రిటిష్ రూపాయి బరువూ అంతే, 1835 నుంచీ 180 గ్రెయిన్లు. మా తాతగారు కంసాలి. త్రాసులో ఒక పక్క రూపాయి బిళ్ల వేసి రెండో పక్క బంగారం తూచేవారు. ఆ బిళ్ల ఇప్పటికీ నా దగ్గరుంది.

తూకంరాళ్లు:
ఏ బంగారం కొట్టుకైనా వెళ్లి తులం ఎంత అని అడగండి, 10 గ్రాములనే చెప్తారు. మా అమ్మాయి పెళ్లికి కొన్నది ఆ లెక్కనే.

పాతలెక్క:
గ్రాములొచ్చాక జనం నోట్లో తులం 10కి మారింది. 1939 నాణేన్ని ఇప్పటి తులంతో తూస్తారా?

తూకంరాళ్లు:
మీరు గొంతు పెంచాల్సిన అవసరం లేదు. నేను నలభై ఏళ్లుగా తూకాల వ్యాపారంలో ఉన్నా.

పాతలెక్క:
నలభై ఏళ్లు తూచి కూడా రూపాయి బరువు తెలియకపోతే నేనేం చేయను?

రూపాయిరాణి:
ఇద్దరూ కాస్త ఆగండి. నాకు తోచింది ఒకటే. ఆ పదానికి రెండు లెక్కలున్నాయి కాబట్టే అమ్మినాయన గ్రాములు రాయకుండా తులం అని రాశాడు. ఎంత తక్కువున్నా తప్పించుకోవచ్చు.

ఇక నా బాధ. మా అమ్మమ్మ ఇచ్చిన 1862 విక్టోరియా రూపాయలు 14 ఉండేవి. ఫొటోల్లో మెరవాలని వేలానికి ముందు విభూతితో తోమాను, ఇంట్లో వెండి కుందులు తోమినట్టే. పైనున్న నల్లటి పొర పోయింది, దాంతో పాటే విలువా పోయింది. చూసినవాళ్లు "తోమిన నాణేలు" అన్నారు, చివరికి వెండి ధరకి తీసుకున్నారు. తమ్ముడూ, మీ నాణెం అసలైనా నకిలీ అయినా దాన్ని తోమకండి, చింతపండు పెట్టకండి.

కొత్తసేకరణ:
లేదక్కా, గుడ్డతో కూడా తుడవలేదు. సర్టిఫికెట్ గురించి ఎవరైనా చెప్తారా?

గంటమోత:
పరీక్షలెందుకండీ. వేలి కొన మీద నిలబెట్టి ఇంకో నాణెంతో మెల్లగా తట్టండి. వెండి అయితే గంటలా చాలాసేపు మోగుతుంది. నేను ఎప్పుడూ మోసపోలేదు.

వెండిబిళ్ల:
నా 1938 కూడా గంటలాగే మోగింది. అది వెండే, తేదీ ఒక్కటే అబద్ధం. తట్టి తట్టి అంచుకి దెబ్బ తగిలితే వాపసు కూడా తీసుకోరు.

ముద్రలపరిశోధన:
22 ఏళ్లుగా బ్రిటిష్ ఇండియా రూపాయలే చూస్తున్నా. వేల నాణేలు నా చేతుల మీదుగా వెళ్లాయి, కాబట్టి ఈ తులం గొడవ ఇక్కడితో ఆపండి. 1939 రూపాయి ఉండాల్సిన బరువు 11.66, వెండి 91.7 శాతం. 11.38 అంటే 0.28 తక్కువ. బాగా చేతులు మారి రాజు ముఖం నున్నగా అరిగిపోయిన బిళ్ల అయితే ఈ తరుగు నేను ఒప్పుకుంటా. మీరేమో జుట్టు గీతలు కూడా అరగలేదంటున్నారు. అరగని నాణేనికి బరువెలా తగ్గుతుంది? నా అనుమానమంతా అక్కడే.

ఇంట్లో చేయగల పరీక్ష నీళ్లది. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు కాటా చూపించే అంకెతో నాణెం బరువును భాగించండి. ఈ రూపాయికి 10.3 దగ్గర రావాలి. జర్మన్ సిల్వర్ అయితే 8.7 చుట్టూ ఉంటుంది, అందులో పేరుకే తప్ప వెండి ఉండదు.

కొత్తసేకరణ:
చేశాను సార్! మూడుసార్లూ 1.12 చూపించింది. 11.38ని 1.12తో భాగిస్తే 10.16. వెండే! అయస్కాంతం కూడా అంటలేదు. ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది.

గంటమోత:
నేను ముందే చెప్పా.

చార్మినార్‌ఫ్యాన్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా దగ్గర ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి చార్మినార్ రూపాయి ఉంది. అదీ 11.66 ఉండాలా? 11.15 వచ్చింది.

పాతలెక్క:
అక్కర్లేదండి. నిజాం రూపాయి వేరు. దాని బరువు 11.18, వెండి 81.8 శాతం. మీది బరువు వరకు బాగానే ఉంది. చార్మినార్ ద్వారంలో ఉర్దూ అక్షరం కూడా సరిచూసుకోండి. ఉస్మాన్ తండ్రి మహబూబ్ అలీ కాలానికి మీమ్, ఉస్మాన్ అలీ కాలానికి ఐన్ ఉంటుంది.

ఏనుగురూపాయి:
ఎప్పుడూ 1939 గోలేనా? 1911 రూపాయి గురించి ఎవరూ మాట్లాడరెందుకు? ఐదో జార్జి అంగరఖా మీద ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవైతే 1912లో బొమ్మ సరిదిద్దారు. నా దగ్గర 1911ది అసలుది ఉంది.

ముద్రలపరిశోధన:
1911కి ఇంకో చర్చ పెట్టండి. కొత్తసేకరణ గారూ, మీ సంతోషం పాడుచేయాలని కాదు. కాటాలో 0.01 తేడా వస్తే జవాబు దాదాపు 0.1 మారుతుంది, కాబట్టి 10.16తో నేను గొడవపడను. అది వెండే కావచ్చు. కానీ ఈ ధర పలికే నాణేనికి దొంగలు కూడా వెండే వాడతారు. తులం వెండికి అయ్యే ఖర్చెంత, మీరు కట్టిందెంత? నీళ్ల పరీక్ష లోహం గురించే చెప్తుంది, దాన్ని ఏ టంకశాలలో ఎప్పుడు కొట్టారో చెప్పదు. రెండు పక్కలా అంచుతో సహా ఫొటోలు పెట్టండి.

కొత్తసేకరణ:
పెట్టాను సార్. 9 చుట్టూ గీకిన గుర్తులేమీ కనిపించలేదు. రాజు మెడ కింద చిన్న గాటు ఉంది, రవాణాలో పడిందేమో.

వెండిబిళ్ల:
ఆ గాటు నేను చూశాను. ఒక్క నిమిషం.

వెండిబిళ్ల:
దొరికింది. నాలుగు నెలల కిందట ముగిసిన ఇంకో వేలంలో, ఇంకో అమ్మకందారు పెట్టిన 1939 రూపాయి ఫొటో పెడుతున్నా. మెడ కింద అదే చోట అదే గాటు, అదే వాలు. అది మీ బిళ్లే చేతులు మారిందేమో అనుకుని అంచు చూశా. దాని అంచు మీద పెద్ద దెబ్బ ఉంది, మీదాని మీద లేదు. అంటే రెండూ వేర్వేరు బిళ్లలు.

ముద్రలపరిశోధన:
ఇంక అనుమానం లేదు. గాటు ఒక నాణేనికి పడేది, రెండింటికి అచ్చంగా ఒకేలా పడదు. ఎవరో గాటున్న అసలు నాణెం నుంచి అచ్చు తీసి, దాంతో మిగతావి చేశారు. గాటు కూడా అచ్చులోకి వెళ్లింది. బరువు తక్కువ రావడం కూడా దీనికి సరిపోతుంది.

తూకంరాళ్లు:
బరువు విషయంలో నేను తొందరపడ్డాను. రూపాయి 11.66 అని ఒప్పుకుంటున్నా. బంగారం తులం మాత్రం 10 గ్రాములే.

కొత్తసేకరణ:
చేతులు వణుకుతున్నాయి. వాపసు అభ్యర్థన పెట్టేశా, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపా. సర్టిఫికెట్ మీద నంబర్ ఉంది కానీ, దాన్ని ఎక్కడ సరిచూసుకోవాలో రాయలేదు.

రూపాయిరాణి:
సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ సైట్‌లో నంబర్ కొడితే ఆ నాణెం ఫొటో రావాలి తమ్ముడూ, మీ చేతిలోదానితో అది కలవాలి. అలా చూసుకునే దారి లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. బిళ్లను కాటా మీద పెట్టినప్పటి నుంచి పార్సిల్ అతికించే దాకా ఆపకుండా వీడియో తీయండి. వేరే బిళ్ల పంపారని తర్వాత అంటారు.

కొత్తసేకరణ:
తీశానక్కా. పొద్దున్నే పంపిస్తున్నా.

వెండిబిళ్ల:
అందరూ చూడండి. అదే గాటున్న 1939 ఇంకొకటి ఇవాళ వేలంలో పెట్టారు. ఇప్పటికే పదకొండు పాటలు పడ్డాయి, ముగియడానికి ఆరు గంటలుంది. పాడినవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే ఇక పెంచకండి. ఫిర్యాదు నేను పెట్టాను, మీరూ పెట్టండి.