సెలవుల్లో స్కూల్ లైబ్రరీ పని ఎలా ప్లాన్ చేసుకోవాలి? స్టాక్ వెరిఫికేషన్ చెయ్యాలా, పిల్లలకి పుస్తకాలు ఇవ్వాలా?

ప్రశ్న:

అందరికీ నమస్తే అండి. నేను ఒక ప్రైవేట్ హైస్కూల్లో లైబ్రేరియన్‌గా చేరాక ఇదే మొదటి ఎండాకాలం. ఒకటి నుంచి పది దాకా క్లాసులు, సుమారు ఆరు వేల పుస్తకాలు ఉన్నాయి, యాక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి పుస్తకానికీ ఒక వరుస నంబర్ వేసి రాసుకునే రిజిస్టర్) ఉంది గానీ కంప్యూటర్లో ఏమీ ఎక్కించలేదు. ఏప్రిల్ 23 చివరి రోజు, ఆ లోపల పిల్లల దగ్గరున్న పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని లెక్క చూసి తాళం వెయ్యమని ప్రిన్సిపాల్ మేడమ్ చెప్పారు. నాకేమో సెలవుల్లో పిల్లలకి పుస్తకాలు ఇద్దామని ఉంది, ఎందుకంటే నాలుగు, ఐదు క్లాసుల పిల్లలు ఇప్పటికే అడుగుతున్నారు, మేడమ్ రెండు పుస్తకాలు ఇంటికి ఇవ్వండి అమ్మమ్మ వాళ్ళ ఊరికి తీసుకెళ్తాం అని. ఇస్తే పోతాయేమో, ఆడిట్‌లో నా జీతంలో కట్ చేస్తారేమో అని భయం కూడా ఉంది. మే నెలలో కొన్ని రోజులు నన్ను స్కూలుకి రమ్మంటారంట. ఆ రోజుల్లో ఏం చెయ్యాలి, ఏది ముందు ఏది వెనక? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

జవాబు (సెంట్రల్ గవర్నమెంట్ స్కూల్ లైబ్రేరియన్, రిటైర్డ్):

అమ్మా, ముందు ఆ జీతం కట్ భయం గురించి మాట్లాడుకుందాం, మిగతా ప్లాన్ అంతా దాని మీదే ఆధారపడి ఉంది. చాలా స్కూళ్ళలో లైబ్రేరియన్లు పుస్తకాలు బీరువాలోంచి బయటికి తియ్యరు, కారణం ఈ ఒక్క భయమే. పిల్లలకి ఖాళీ దొరికే నెలన్నర మొత్తం పుస్తకాలకి తాళం, పరీక్షలు హోంవర్కులు నెత్తిన ఉన్నప్పుడు మాత్రం లైబ్రరీ పీరియడ్, ఇది మారాలి అని నా గట్టి అభిప్రాయం.

కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017 అని ఉన్నాయి, అందులో 215వ రూలు లైబ్రరీ పుస్తకాల గురించే. ఇరవై వేలకి మించని లైబ్రరీ అయితే ఏటా పూర్తిగా లెక్క చూడాలి. ఏడాదిలో ఇష్యూ అయిన, అక్కడ కూర్చుని చదివిన పుస్తకాల్లో వెయ్యికి ఐదు దాకా పోతే అది సహజమైన నష్టంగానే తీసుకోవచ్చు, అయితే మోసం, నిర్లక్ష్యం ఉండకూడదు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం గానీ అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం విచారణ తప్పదు. మీది ప్రైవేట్ స్కూలు కాబట్టి ఈ రూలు నేరుగా వర్తించదు, కానీ ప్రింట్ తీసి ప్రిన్సిపాల్ గారికి చూపించండి. గవర్నమెంటే పుస్తకం అన్నాక కొన్ని పోతాయి అని రాసుకున్నప్పుడు మన మేనేజ్‌మెంట్ కూడా ఒక హద్దు రాసిచ్చేస్తే బాగుంటుంది కదా అని అడగండి. నోటి మాట మీద వదిలెయ్యకండి, ఒక పేజీ నోట్ రాసి సంతకం పెట్టించుకోండి.

ప్రశ్న అడిగినవారు:

సార్ చాలా థాంక్స్, ఈ రూలు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. కానీ పుస్తకాలు పిల్లల దగ్గరుంటే లెక్క ఎలా చూస్తాం? అన్నీ వెనక్కి వస్తేనే కదా వెరిఫికేషన్?

జవాబు (రిటైర్డ్ లైబ్రేరియన్):

అక్కర్లేదమ్మా. ఇష్యూ రిజిస్టర్‌లో ఉన్న పుస్తకం కూడా లెక్కలో ఉన్నట్టే, సంతకం ఉందిగా. ఎలా చెయ్యాలో చెప్తాను. యాక్సెషన్ నంబర్లు 1 నుంచి మీ చివరి నంబర్ దాకా గళ్ళ కాగితాల మీద వరుసగా వేసుకోండి, పేజీకి వంద చొప్పున. ఒకళ్ళు షెల్ఫ్ దగ్గర నిలబడి ఒక్కో పుస్తకం తీసి నంబర్ చదవాలి, ఇంకొకళ్ళు ఆ గడిలో టిక్కు పెట్టాలి. పేరు చదవొద్దు, రచయిత చదవొద్దు, ఉత్త నంబరే. రిజిస్టర్ ముందేసుకుని పుస్తకం పుస్తకం వెతికే పద్ధతిలో నెల పడుతుంది, ఇలా అయితే ఇద్దరు నిదానంగా చేసినా కొద్ది రోజుల్లో తేలిపోతుంది. షెల్ఫులు అయిపోయాక ఇష్యూ రిజిస్టర్ తీసి ఆ నంబర్లకి వేరే రంగు టిక్కు. అప్పటికీ ఖాళీగా మిగిలిన గళ్ళు ఉంటాయి చూడండి, వెంటనే వాటిని పోయిన లిస్టులో రాసెయ్యకండి. స్టాఫ్ రూమ్, సైన్స్ ల్యాబ్ బీరువా, ప్రిన్సిపాల్ రూమ్, పాత టీచర్ల డెస్కులు, క్లాస్ రూముల్లో రీడింగ్ కార్నర్లు ఉంటే అవి, బైండింగ్‌కి పంపిన కట్ట, ఇవన్నీ ఒకసారి తిరిగి రండి. సగం అక్కడే దొరుకుతాయి. మిగిలినవే అసలు లిస్టు.

ఇంకో మాట, నంబర్ చదివే టైమ్‌లో పుస్తకాలు సర్దే పని పెట్టుకోకండి, రెండూ కలిపితే రెండూ పాడవుతాయి. పుస్తకం చేతిలోకి వచ్చింది కాబట్టి చిరిగినవి ఒక పక్క, పనికిరానివి ఒక పక్క తీసి పెట్టుకోండి చాలు.

జవాబు (కరీంనగర్ దిక్కు గవర్నమెంట్ స్కూల్ టీచర్, లైబ్రరీ ఇంచార్జ్):

సార్ చెప్పింది కరెక్ట్. మా దగ్గర సెలవులకు పుస్తకాలు ఇచ్చుడు ఎట్ల చేస్తమో చెప్త అక్కా, మీకు పనికొస్తది. ఒక్కొక్క పిల్లకు ఒక్కటే పుస్తకం ఇస్తే అది రెండు రోజుల్ల అయిపోతది, మళ్ల స్కూలుకు వచ్చి మార్చుకునేటట్టు ఉండది. అందుకని మేము ఊరు వారీగ సంచి ఇస్తం. ఒక వాడకు లేకపోతే ఒక పల్లెకు పది పదిహేను మంది పిల్లలు ఉంటే వాళ్లకు ముప్పై నలభై పుస్తకాలు ఒక గుడ్డ సంచిల పెట్టి, లోపల లిస్టు, ఒక చిన్న నోట్‌బుక్కు, పెన్ను. ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్ల ఒకామె ఇంట్ల ఆ సంచి ఉంటది, మిగతా పోరగాళ్లు పొద్దున ఎండ ముదరక ముందే వచ్చి మార్చుకుంటరు. నోట్‌బుక్కుల పేరు, పుస్తకం నంబరు, తారీఖు రాసుకుంటరు, అంతే. పిల్లలకే ఒప్పజెప్తే వాళ్లు మనకంటే పట్టుగ అడుగుతరు, ఏయ్ నువ్వు తీసుకపోయి వారమైంది తెచ్చియ్యి అని. మీది ప్రైవేట్ స్కూలంటున్నరు కాబట్టి బస్సు రూటు వారీగ చేసుకోవచ్చు, ఒక్కో కాలనీకి ఒక సంచి.

పదో తరగతోళ్లకు మాత్రం ఇయ్యకండి, వాళ్లు టీసీ తీసుకొని పోతరు. స్కూలు మారుతున్న పిల్లలకు కూడ ఇయ్యొద్దు. టీసీ ఇచ్చే ముందట లైబ్రరీ నో డ్యూస్ (పుస్తకాలేం బాకీ లేవని) సంతకం ఉండాలని ఆఫీసుల ఒక మాట చెప్పి పెట్టండి, సెలవులల్ల మీరు లేనప్పుడే టీసీలు ఎక్కువ పోతయి.

ప్రశ్న అడిగినవారు:

సంచి ఐడియా నాకు చాలా నచ్చింది అన్నా, బస్సు రూట్ల లిస్ట్ ఆఫీసులో ఉంది ఈరోజే తీసుకుంటా. మరి ఏ పుస్తకాలు పెట్టాలి అందులో? మా దగ్గర ఇంగ్లీష్ పుస్తకాలు ఎక్కువ, తెలుగువి తక్కువ, ఉన్నవి కూడా పాతబడి చిరిగిపోయాయి.

జవాబు (హైదరాబాద్, స్కూల్ లైబ్రేరియన్):

హాయ్ అండి. సెలవుల సంచిలో తెలుగు కథలు ఎక్కువ ఉండాలి అని నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఇంట్లో అమ్మమ్మ తాతయ్య కూడా చదివి వినిపిస్తారు, తమ్ముళ్ళు చెల్లెళ్ళు వింటారు. ఇంగ్లీష్ మీడియం పిల్లలకి తెలుగు చదవడం నెమ్మదిగా వస్తుంది కాబట్టి వాళ్ళ క్లాసు కన్నా ఒక మెట్టు కింద పుస్తకాలు, పెద్ద అక్షరాలు బొమ్మలు ఉన్నవి పెట్టండి. మా దగ్గర ఆరో క్లాసు బాబు ఒకడు రెండో క్లాసు స్థాయి పుస్తకం వేలు పెట్టుకుని చదివి పూర్తి చేసి, ఇంకోటి ఇవ్వండి మేడమ్ అని వచ్చాడు, అదే కదా కావాల్సింది. వాడికి లావుపాటి పుస్తకం ఇచ్చి ఉంటే నాలుగో పేజీలో ఆపేసేవాడు.

బడ్జెట్ తక్కువైతే 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి చూడండి, పిల్లల పుస్తకాలే వేస్తారు, రేట్లు అందుబాటులో ఉంటాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగువి కూడా ఉంటాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్ 2015 నుంచి ఉంది, అందులో తెలుగు కథలు ఫ్రీగా చదవచ్చు, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ కూడా తీసుకోవచ్చు, లైసెన్స్ అలాంటిదే పెట్టారు. రంగుల ప్రింట్ ఖర్చు అనుకుంటే కొన్ని మాత్రమే తీసి స్పైరల్ వేయించండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ యాప్ కూడా ఫ్రీనే, తెలుగు ఉంది, కానీ సెలవుల్లో ఫోన్ చేతికిస్తే పిల్లలు ఏం చూస్తారో మనకి తెలుసు, అందుకే నేను కాగితం పుస్తకానికే ఓటు వేస్తాను. హైదరాబాద్ వచ్చే పని ఉంటే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడండి, బొమ్మల పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. బిల్లు ఇవ్వరు కాబట్టి స్కూల్ డబ్బుతో కొనేటప్పుడు ముందే ప్రిన్సిపాల్‌తో మాట్లాడుకోండి.

చిరిగిన వాటి సంగతి. సెల్లోటేప్ అసలు వెయ్యకండి, కొన్నాళ్ళకి పసుపు పచ్చగా మారి ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితానికే ఉండిపోయి పక్క పేజీని కూడా పట్టేస్తుంది. పల్చటి టిష్యూ పేపర్ ముక్క, మైదా జిగురు చాలు, నీడలో ఆరబెట్టి పైన బరువు పెట్టాలి. బైండింగ్ చేసేవాళ్ళు జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు, అది విషం, స్కూల్లో మనం కలపకూడదు, ఆ పని వాళ్ళకే వదిలెయ్యండి. బైండింగ్‌కి మే మొదట్లోనే ఇచ్చెయ్యాలి, జూన్ వస్తే నోట్‌బుక్కుల సీజన్‌లో వాళ్ళు మన మొహం కూడా చూడరు.

జవాబు (రిటైర్డ్ లైబ్రేరియన్):

పనికిరానివి తీసెయ్యడం గురించి కూడా రాస్తాను, కొత్తవాళ్ళు దీనికి జంకుతారు. 2014కి ముందు వేసిన అట్లాస్ తీసి చూడండి, అందులో తెలంగాణ రాష్ట్రమే ఉండదు. 2016 అక్టోబర్‌కి ముందువైతే తెలంగాణకి పది జిల్లాలు, 2022 ఏప్రిల్‌కి ముందువైతే ఆంధ్రాకి పదమూడు జిల్లాలు అని ఉంటుంది. ప్లూటోని 2006లోనే గ్రహాల లిస్టులోంచి తీసేశారు, ఇంకా తొమ్మిది గ్రహాలు అని చెప్పే సైన్స్ పుస్తకాలు షెల్ఫుల్లో బోలెడు. పిల్ల ఆ పుస్తకం చదివి పరీక్షలో రాస్తే తప్పు మనది. ఇలాంటివి, పాత సిలబస్ గైడ్లు, పాత ఇయర్ బుక్కులు తీసెయ్యాలి. కథల పుస్తకం ఎంత పాతదైనా సరే, చదవడానికి వీలుంటే ఉంచండి.

కానీ తీసెయ్యడం అంటే పాత పేపర్ల వాడికి వేసెయ్యడం కాదు. లిస్టు రాయాలి, ప్రిన్సిపాల్, ఇద్దరు టీచర్లు సంతకం చెయ్యాలి, యాక్సెషన్ రిజిస్టర్‌లో ఆ నంబర్ ఎదురుగా రిమార్క్స్ కాలమ్‌లో ఎర్ర ఇంకుతో రద్దు అని తారీఖు వెయ్యాలి, పుస్తకం మీద కూడా రద్దు స్టాంపు పడాలి. స్టాంపు లేకుండా బయటికి వెళ్ళిన పుస్తకం రేపు ఫుట్‌పాత్ మీద కనపడితే మీ మీదకే వస్తుంది.

జవాబు (కరీంనగర్ దిక్కు టీచర్):

చెదల సంగతి ఎవ్వరూ చెప్పలేదు. బీరువాలు గోడకు ఆనించి ఉంటే జానెడు ముందుకు జరపండి, చెదలు గోడ పొంటి వచ్చి వెనకనుంచే ఎక్కుతయి, ముందర చూస్తే పుస్తకం మంచిగనే కనపడ్తది, తీస్తే లోపల మట్టి. కింది అర ఖాళీ చేయండి. మందు కొట్టిచ్చేది ఉంటే స్కూలు బంద్ కాంగనే కొట్టియ్యాలె, పిల్లలు వచ్చే వరకు వాసన పోవాలె. కలరా ఉండలు పెడితే చిన్న పిల్లలకు అందకుండ గుడ్డల కట్టి పైన పెట్టండి, తెల్లగ చాక్లెట్ లెక్క ఉంటయి నోట్ల పెట్టుకుంటరు, స్కూలు తెరిచేముందు తీసెయ్యండి. స్లాబు మీద పోయినేడు ఎక్కడ కురిసిందో మరక చూసి దాని కింద పుస్తకాలు పెట్టకండి, జూన్ల మొదటి వాన మీరు లేనప్పుడే పడ్తది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. మేడమ్‌తో మాట్లాడాను, రూలు ప్రింట్ చూపించాను, మూడు నుంచి తొమ్మిది క్లాసుల దాకా సంచులు ఇవ్వడానికి ఒప్పుకున్నారు, పేరెంట్ సంతకం మాత్రం కావాలన్నారు. ఇంకో రెండు డౌట్లు. మే నెలలో నేను వచ్చే రోజుల్లో కంప్యూటర్ ఎంట్రీ మొదలుపెట్టమంటారా? అలాగే నాది బీఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) అయింది, ఎంఎల్ఐఎస్సీ (అందులోనే పీజీ) దూరవిద్యలో ఎక్కడ చెయ్యొచ్చు?

జవాబు (హైదరాబాద్, స్కూల్ లైబ్రేరియన్):

ఎంఎల్ఐఎస్సీ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఉంది, ఇగ్నోలో కూడా ఉంది, నోటిఫికేషన్ కోసం వాళ్ళ సైట్లు చూస్తూ ఉండండి. కంప్యూటర్ ఎంట్రీకి కోహా అని ఫ్రీ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉంది, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ ఈ-గ్రంథాలయ కూడా ఉంది. కానీ ఈ మే నెలలో దాన్ని పట్టుకోకండి అనే నా సలహా. ముందు లెక్క తేలాలి, పనికిరానివి పోవాలి, అప్పుడు మిగిలినవే ఎంట్రీ చేస్తే సరిపోతుంది, లేకపోతే రద్దు చేసే పుస్తకాలకి కూడా కూర్చుని టైప్ చేస్తారు. ఇప్పుడు కావాలంటే ఎక్సెల్‌లో నంబర్, పేరు, రచయిత, ధర, భాష అని ఐదు కాలమ్స్ పెట్టి తెలుగు పుస్తకాలతో మొదలుపెట్టండి, తర్వాత అదే షీట్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకోవచ్చు. మే నెలలో స్కూలుకి వచ్చే రోజులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి వారంలో ఒక పొద్దున ఏడున్నర నుంచి పది దాకా లైబ్రరీ తెరిచి ఉంటుందని పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టించండి, దగ్గర్లో ఉన్న పిల్లలు వచ్చి సంచులు మార్చుకుంటారు. ఆంధ్రాలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, జిల్లా గ్రంథాలయ సంస్థల వాళ్ళు శాఖా గ్రంథాలయాల్లో పిల్లలకి వేసవి విజ్ఞాన శిబిరాలు పెడుతుంటారు, మీ పిల్లల్ని అక్కడికి కూడా పంపండి.

పేరెంట్ స్లిప్ మేము వాడేది ఇది, మీరు మార్చుకుని వాడుకోండి: "మా బాబు/పాప _____ తరగతి _____ వేసవి సెలవుల్లో చదవడానికి లైబ్రరీ పుస్తకాలు తీసుకోవడానికి నాకు అంగీకారమే. స్కూలు తెరిచిన మొదటి వారంలో తిరిగి ఇస్తాము. చదువుతూ చిరిగితే ఫైన్ లేదు. పోతే అదే పుస్తకం గానీ అదే ధరలో వేరే పిల్లల పుస్తకం గానీ కొని ఇస్తాము. సంతకం, ఫోన్ నంబర్." ఆ ఫైన్ లేదు అన్న వాక్యం మాత్రం తియ్యకండి, అది ఉంటేనే ఇంట్లోవాళ్ళు పుస్తకాన్ని బీరువాలో దాచకుండా పిల్లల చేతికిస్తారు.