నవధాన్యాలు చల్లాం సరే, పిల్లోళ్ళ కంచంలోకి ఎట్లా తేవాల?

కదిరి_రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మాది కదిరి పక్కన పల్లె. ఊరంతా శెనక్కాయే, వానొస్తే పంట, రాకుంటే అప్పు. పోయినేడు ప్రకృతి వ్యవసాయం వాళ్ళు చెప్పినట్టు తొలకరికి ముందే నవధాన్యాలు, అంటే రకరకాల గింజలు కలిపి, వాటికి బంకమట్టి, ఘనజీవామృతం (ఆవు పేడతో చేసే ఎండు ఎరువు) పట్టించి చల్లినాం. వేసవి జల్లులకే మొలిచినాయి, నేల కూడా గుల్లబారింది. కానీ మొలిచిందంతా కోసి ఎద్దులకి వేసి, మిగిలింది దున్నేసి మళ్ళీ శెనక్కాయే పెట్టినారు. ఇంట్లో మాత్రం అదే రేషన్ బియ్యం, అదే చింతపులుసు. ఈసారి మా పొదుపు సంఘం ఆడోళ్ళు తిండి కోసమే ఏదన్నా వేద్దాం అంటున్నారు. మీ ఊర్లలో చేసింటే చెప్పండప్పా, మీటింగుల్లో చెప్పే మాటలు వద్దు.

జహీరాబాద్_ఎర్రనేల:
అన్నా, మా దిక్కు డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) అనే సంస్థ సంగాలు 1983 సంది ఉన్నయి, అండ్ల ఎక్కువ దళిత ఆడోళ్లే. వాళ్ల చేన్లు ఒక్కసారి వచ్చి చూడు. జొన్న సాళ్ల నడుమ కంది, పెసర, అనుములు, బొబ్బర్లు, కొర్ర, పుంటికూర, అన్నీ కలిపే ఏస్తరు, ఒకటి పోతే ఇంకోటి చేతికొస్తది. చలికాలంల మంచుకే పండేటివి ఉంటయి, వాటిని సత్యం పంటలంటరు. విత్తనం కొనరు, బూడిద, యాపాకు ఏసి గంపలల్ల దాస్తరు, సంక్రాంతప్పుడు పాత పంటల జాతర జేసి బండ్ల మీద ఊరూరా తిప్పుతరు. నాకు మస్తు నచ్చింది ఏందంటే గింజల నిధి. పడావు (బీడు) భూముల సాగుకి అప్పిచ్చి పైసలకి బదులు జొన్నలే తిరిగి తీసుకున్నరు, ఆ జొన్నలు ఊర్లనే దాసి పని దొరకని కాలంల పేదోళ్లకి తక్కువ ధరకి ఇచ్చిన్రు. ఎవరు ఎక్కువ పేదోళ్లో ఊరోళ్లే కూసొని తేల్చిన్రు, ఆఫీసర్లు గాదు.

సందేహాల_సుబ్బడు:
వినడానికి బానే ఉందండీ, కానీ ఒక మాట. రోజంతా కూలికెళ్ళొచ్చిన ఆడమనిషి సాయంత్రం కూర్చుని కొర్రలు దంచాలా? రేషన్ బియ్యం కడిగి పొయ్యి మీద పెడితే అయిపోతుంది. చిరుధాన్యాలు మంచివని సిటీలో షుగర్ వచ్చినోళ్ళు చెప్తుంటారు, వాళ్ళెవరూ రోకలి పట్టరు కదా.

మన్యం_దారి:
సుబ్బడు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా పాడేరు వైపు సామలు పండించినోళ్ళే వాటిని సంతలో అమ్మేసి బియ్యం తింటన్నారు, దంచలేక. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, పొట్టు తియ్యాల్సిన అవసరం లేనివాటితో మొదలెట్టండి. రాగులు (మా దగ్గర చోళ్ళు), సజ్జలు, జొన్నలు నేరుగా పిండి మరకి ఇచ్చేయొచ్చు. కొర్ర, సామ, అరికకి పొట్టు గట్టిగా పట్టుకునుంటుంది, వాటికి చిన్న మిల్లు దగ్గర్లో ఉంటేనే ఇంట్లో తింటారు. ఒకేసారి అంతా మిల్లు పట్టించి మూటకట్టేస్తే ముక్కవాసనొస్తాది, పొట్టుతో ఉంటే మాత్రం ఏళ్ళ తరబడి చెడదు, కాబట్టి కావలసినంతే పట్టించుకోవాలి.

ఇంకోటి, అరకు దాటితే కోరాపుట్. ఒడిశా వాళ్ళు 2017లో మిల్లెట్ మిషన్ పెట్టి చోళ్ళు మద్దతు ధరకి కొని రేషన్లో ఇచ్చారు, కొన్ని జిల్లాల్లో అంగన్వాడీ పిల్లలకి లడ్డూలు చేసి పెట్టారు. 2025-26కి రాగుల మద్దతు ధర క్వింటాకి 4,886 రూపాయలు, కానీ కొనేవాడు ఊరికొస్తేనే ఆ ధర, లేకపోతే షావుకారు చెప్పిందే రేటు.

పోషణ_అక్క:
నేను పల్లెల్లో బాలింతలతో పని చేస్తాను. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఏపీలో 58.8 శాతం, తెలంగాణలో 57.6. ఇళ్ళల్లో నేను చూసేది ఏంటంటే అన్నం సరిపోతుంది, దాని పక్కన పెట్టుకునేది ఉండదు. అందుకని నేనైతే ధాన్యం కన్నా ముందు పప్పు, ఆకుకూర, గుడ్డు అంటాను. మునగ చెట్టు ఒకటి, బొప్పాయి, పాకుడు బచ్చలి, గోంగూర, నాలుగు నాటు కోళ్ళు, స్నానాల నీళ్ళు పోయే చోట అరటి, వీటికి ఎకరాలు అక్కర్లేదు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, అందులో ఐరన్ వంటికి బాగా పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే ఆ లాభం తగ్గిపోతుంది. ఈ టీ సంగతి చెప్తే నన్ను తిట్టుకుంటారు, అయినా చెప్తాను. కలుపు అని పీకి పారేసే దొగ్గలి కూర, గంగవాయిల కూర కూడా తినేవే, మందు కొట్టని చేనైతే మాత్రమే.

కదిరి_రైతుబిడ్డ:
అక్కా, సంఘంలో సగం మందికి సెంటు భూమి లేదు, ఇంటి వెనక పెరడూ లేదు. వాళ్ళ సంగతి ఏంది?

జహీరాబాద్_ఎర్రనేల:
మా తాన పది మంది ఆడోళ్లు కలిసి భూమి కౌలుకి పట్టి ఏస్తరు, గింజలు పంచుకుంటరు. కాకపోతే కౌలు మూడేండ్లకన్నా మాట్లాడుకో. నేల మంచిగయినంక భూమాయన వచ్చి నాకే కావాలంటడు, ఇది అన్ని ఊర్లల్ల ఉన్న కతే.

మన్యం_దారి:
కౌలు దొరక్కపోతే శెనక్కాయ చేను గట్ల మీద కంది, ఆముదం, గోంగూర వేసుకోడానికి రైతుని అడగండి. గట్టు ఎవడూ దున్నడు, కాబట్టి ఎద్దులకి కోసేసే గొడవ ఉండదు. నవధాన్యాల్లో కూడా ఒక మూల దున్నకుండా తిండికని వదలమని ముందే ఒప్పుకోవాలి, చల్లేసాక అడిగితే ఎవరూ వినరు.

కదిరి_రైతుబిడ్డ:
ఇది బాగుంది, సంఘంలో చెప్తా. మాకు అలసంద, అనప, ఉలవ విత్తనం ఉంది, సజ్జ కూడా వేయొచ్చు. కానీ ఊరంతా శెనక్కాయ ఉన్నప్పుడు మేమొక్కరమే అర ఎకరా సజ్జ వేస్తే చిలకలు, పిచ్చుకలు అన్నీ మా మీదే పడతాయి, పోయినసారి ఒకాయన వేస్తే కంకికి గింజ మిగల్లేదు. దానికేమన్నా ఉపాయం ఉందా?

జహీరాబాద్_ఎర్రనేల:
మీసాల సజ్జ ఏయండి, కంకి మీద మీసాలు ముండ్ల లెక్క ఉంటయి, పిట్టలు తక్కువ దిగుతయి. పక్క ఊరోళ్లని కూడా ఒకటే వారంల ఏయమనుండ్రి, దెబ్బ పంచుకుంటది. మంచె మీద కూసునేటోళ్లు మాత్రం కావాలె.

సందేహాల_సుబ్బడు:
మంచె మీద కూర్చునేది కూడా ఆడోళ్ళేనా?

కదిరి_రైతుబిడ్డ:
లే సుబ్బడన్నా, దానికి మా నాయనున్నాడు, ఎట్లాగూ పొద్దస్తమానం రచ్చబండ మీదే కదా కూర్చునేది 😄 మీసాల సజ్జ విత్తనం ఎవరి దగ్గరన్నా ఉంటే ఇక్కడే చెప్పండి, అనప విత్తనం బదులిస్తాం.