ఇంగ్లీష్ 'ఆర్డర్'కి గ్రీకులో అన్ని చోట్లా సరిపోయే మాట ఉందా?

కోడ్‌కూలీ: హలో అండి, ఏథెన్స్‌లో ఒక చిన్న రెస్టారెంట్‌కి ఆర్డరింగ్ యాప్ చేస్తున్నా, ఇంగ్లీష్‌లో అంతా అయిపోయింది, ఇప్పుడు గ్రీకు పెట్టాలి. నేనేం చేశానంటే యాప్‌లో ఉన్న మాటలన్నీ ఎక్సెల్‌లో దించి, రిపీట్ అయినవి తీసేసి, ఒక్కోదానికి ఒక్కో గ్రీకు మాట మెషీన్‌తో కొట్టించేశా. ఓనర్ స్క్రీన్‌షాట్ పంపాడు, 'డేట్' ఉండాల్సిన చోట ఖర్జూరం అని వచ్చిందంట 😭 'ఆర్డర్' కూడా సగం చోట్ల తప్పంట. అన్నిటికీ సేఫ్‌గా పనికొచ్చే మాటేమీ ఉండదా?

గ్రీకుపిచ్చి: ఉండదు బ్రో. తిండి ఆర్డరైతే పరంగెలీయా, లిస్టు ఏ వరసలో ఉందో చెప్పేదైతే సిరా (పెన్నులో పోసేది కాదు), ఇలా చెయ్ అని ఆజ్ఞ ఇస్తే ఎంతొలీ. మనకిది ముందే ఎందుకు తట్టదంటే తెలుగులో అన్నిటికీ ఆర్డర్ అనే లాగించేస్తాం కదా, బిర్యానీ ఆర్డర్ పెట్టా, మార్కుల ఆర్డర్‌లో రాయి, కోర్టు ఆర్డర్ వచ్చింది... మాటతో పాటు దాని అర్థాలన్నీ మనింట్లోకే వచ్చి కూర్చున్నాయి. డేట్ కూడా అంతే, తారీఖైతే ఇమెరొమినీయా, ఖర్జూరమైతే ఖుర్మాస్. రంజాన్‌కి తాగే షీర్ ఖుర్మాలో ఖుర్మా ఇదే, పర్షియన్ నుంచి టర్కిష్ మీదుగా వాళ్ళకి పోయింది.

పాతకాపు: రిపీట్ అయినవి తీసేశా అన్నావు చూడు, కొంప అక్కడే మునిగింది. మాట ఒకటే అయినా ప్రతి స్క్రీన్‌కీ వేరే కీ (కోడ్‌లో ఆ మాటని గుర్తుపట్టే పేరు) ఉంచాలి, పక్కన ఇది బటనా, హెడ్డింగా, దేని గురించి అని ఒక లైను రాయాలి. ఇంకోటి, రెండర్థాలు లేని 'న్యూ' కూడా నిన్ను ఏడిపిస్తుంది, ఎందుకంటే గ్రీకులో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది, కొత్త ఆర్డరైతే నెయా, కొత్త టేబులైతే నెయో, కొత్త అకౌంటైతే నెయోస్. అందుకని 'న్యూ' ఒక ముక్క, 'టేబుల్' ఒక ముక్క కోసి కోడ్‌లో అతికించే పని మానెయ్, మొత్తం కలిపి ఒకే స్ట్రింగ్ (కోడ్‌లో ఒకే ముక్కగా రాసే మాట) పెట్టు. అన్నట్టు కూర్చుని తినే టేబుల్ త్రపేజి, అంకెలు వేసే టేబుల్ పీనకస్, త్రాపెజా అంటే మాత్రం బ్యాంకు, జాగ్రత్త.

కోడ్‌కూలీ: థాంక్యూ అన్నా, షీట్ మళ్ళీ మొదట్నుంచి చేస్తున్నా. ఒక డౌటు, 'బిల్' దగ్గరా 'అకౌంట్' దగ్గరా రెండు చోట్లా లొగరియస్మోస్ అనే వచ్చింది, ఇదీ తప్పేనా?

గ్రీకుపిచ్చి: అది కరెక్టే 😄 వాళ్ళకి రెండిటికీ అదే మాట, మన 'లెక్క' లాంటిది. తిన్నాక వెయిటర్‌ని అడిగేదీ అదే, బ్యాంకులో ఓపెన్ చేసేదీ అదే. కానీ ఒకే స్క్రీన్‌లో రెండూ ఉంటే కస్టమర్ తికమక పడతాడు, అకౌంట్ బటన్‌కి 'ప్రొఫీల్' పెట్టెయ్. ఇంకా 'ఫ్రీ' ఒకసారి చూస్కో, డెలివరీ ఫ్రీ అయితే దొరెయాన్, టేబుల్ ఖాళీ అయితే ఎలెఫ్థెరో. తారుమారైతే టేబుళ్ళు ఊరికే ఇస్తున్నారనుకుంటారు.