పాత గోతిక్ రాక్ పాటల్ని మళ్లీ రికార్డు చేస్తున్నాం: టెంపో, శ్రుతి, డ్రమ్ మెషీన్ గురించి సలహా కావాలి

బైరాగిపట్టెడ_బేస్:
మా బ్యాండు మళ్లీ కలిసింది. మొదట్లో చేసిన ఆరు పాటల్ని తిరుపతిలోనే కొత్తగా రికార్డు చేయాలి. పాతవన్నీ నాలుగు ట్రాకుల పోర్టాస్టూడియో (క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేసే మెషీన్) క్యాసెట్లలో ఉన్నాయి. ఆ మెషీన్ ఇప్పుడు లేదు, మామూలు క్యాసెట్ డెక్కు ఉంది. సింగర్ గొంతు రెండు సెమిటోన్లు దిగింది. డ్రమ్ మెషీన్ కూడా పోయింది, డ్రమ్మర్ని పెట్టుకుందామా అన్న ఆలోచన ఉంది. గది 12 x 14 అడుగులు, పదడుగుల ఎత్తు స్లాబు, కింద గ్రానైట్. పాటలు రాసినాయన ఇప్పుడు బ్యాండులో లేరు. ఎక్కడ మొదలుపెట్టాలి?

చిత్తూరు_ఫోర్‌ట్రాక్:
ముందు క్యాసెట్లు, అన్నా. ప్లే చేసే ముందు షెల్ కిటికీలోంచి చూడండి. టేపు అంచున తెల్లగా బూజు కనిపిస్తే డెక్కులో పెట్టొద్దు, హెడ్డంతా పాడవుతుంది. టేపు వెనకుండే చిన్న స్పాంజి ప్యాడ్ జిగురు ఎండిపోయి ఊడిపోయుంటాది. అది లేకపోతే హై ఫ్రీక్వెన్సీలు వస్తా పోతా ఉంటాయి. స్క్రూలున్న మంచి షెల్లోకి టేపు మార్చుకోండి.

పోర్టాస్టూడియోల్లో చాలా మోడళ్లు మామూలు వేగానికి రెట్టింపుగా, సెకనుకు 9.5 సెంటీమీటర్ల చొప్పున నడుస్తాయి. మీ డెక్కులో వేస్తే పాట సగం వేగంతో, ఒక ఆక్టేవ్ కిందికి వినిపిస్తుంది. ఎ సైడులో 1, 2 ట్రాకులు వస్తాయి. బి సైడులో 3, 4 వస్తాయి గానీ వెనక నుంచి ముందుకు. డెక్కులో డాల్బీ (టేపు బుస తగ్గించే స్విచ్చు) ఆపేసి 96 కిలోహెర్ట్జ్‌లో రెండు సైడులూ కంప్యూటర్లోకి ఎక్కించి, బి సైడు ఫైలును తిరగేసి, రెండింటి వేగాన్నీ రెట్టింపు చేయండి. ఎక్కించే ముందు అజిమత్ స్క్రూ (హెడ్డు వంపు సరిచేసేది) తిప్పి, హైహ్యాట్ ఎక్కడ బాగా పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి.

ఈ పద్ధతి టెంపో, నోట్లు, అరేంజ్‌మెంటు చూసుకోవడానికి మాత్రమే. రెండు సైడులూ రెండు వేర్వేరు సార్లు నడుస్తాయి కాబట్టి అర నిమిషానికే ఒకదానికొకటి జారిపోతాయి. డీబీఎక్స్ (బుస తగ్గించే ఇంకో పద్ధతి) వేసి రికార్డు చేసుంటే శబ్దం ఊపిరి పీల్చి వదిలినట్టు ఎగసిపడుతుంది, దాన్ని డీకోడ్ చేయాలంటే డీబీఎక్స్ ఉన్న మెషీన్ కావాలి. ట్రాకులు బాగుంటే మాత్రం నాలుగు రోజులకైనా ఒక మెషీన్ అరువు తెచ్చుకోండి. ద క్యూర్ వాళ్లు 1986లో తమ 1979 నాటి ‘బాయ్స్ డోంట్ క్రై’కి పాత ట్రాకు మీదే కొత్తగా గొంతు పాడి, కొత్తగా మిక్స్ చేసి వదిలారు. ఆరింటిలో ఒకటి రెండు పాటలకు ఆ దారే మేలు కావచ్చు.

టెంపో లెక్క కట్టే ముందు టేపు వేగం సరిచూడండి. టేపులో కరెంటు హమ్ 50 దగ్గర కాక 51.5 హెర్ట్జ్ దగ్గరుంటే 3 శాతం వేగంగా పోతోందని అర్థం. అంటే శ్రుతి అర సెమిటోను పైన, నిమిషానికి 132 బీట్ల టెంపో 136 అయి వినిపిస్తుంది.

రేణిగుంట_సింత్:
హమ్‌ను గుడ్డిగా నమ్మొద్దు. 1990లలో దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 కంటే బాగా కిందికి దిగుతా ఉండేది, అందులోనే రెండు మూడు శాతం తేడా వచ్చేస్తుంది. పాటలో డిజిటల్ కీబోర్డు ఉంటే దాని శ్రుతే కొలత. 440 హెర్ట్జ్ దగ్గరుండాల్సిన నోటు ఎంత పక్కకు పోయిందో చూసి లెక్క కట్టండి.

తీగ_110:
శ్రుతి దించాలంటే ఫ్రెట్లు మార్చి వాయించొద్దు, తీగల్నే దించండి. ఈ పాటల ప్రాణం ఓపెన్ స్ట్రింగ్ మోగుతా ఉండగా పై తీగ మీద నడిచే రిఫ్‌లో ఉంటుంది. ఫ్రెట్ మారిస్తే ఆ మోత పోతుంది. బేస్ రెండు సెమిటోన్లు దించితే 45-105 సెట్టు వదులైపోయి ఫ్రెట్ల మీద కొట్టుకుంటుంది. 50-110 వేయండి, గిటారుకు 11-52. నట్ గాడిలో లావు తీగ ఇరుక్కుంటే గాడిని సన్నగా ఫైల్ చేయాలి, మెడ లోపలి ట్రస్ రాడ్ సరిచేయాలి, పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇంటొనేషన్ (శ్రుతి సరిగ్గా పలుకుతోందా అని) మళ్లీ చూడాలి.

మీ గదిలో బేస్ ఆంప్‌ను నమ్మొద్దు. ఆ కొలతల గది దాదాపు 40, 47, 56 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. లో ఇ నోటు 41, ఎఫ్ షార్ప్ 46, ఎ నోటు 55. మూడూ అక్కడే పడ్డాయి! ఆ మూడు నోట్లు బూమ్మని లేస్తాయి, మిగతావి పలచబడతాయి. డీఐలోనే (ఆంప్ లేకుండా బేస్‌ను నేరుగా కలిపే పెట్టె) రికార్డు చేసి హెడ్‌ఫోన్లలో వినండి. ఆంప్‌కు మైకు కూడా పెడితే మీటరు దూరానికి దాదాపు 2.9 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది. ఆ ట్రాకును ముందుకు జరపకపోతే బేస్ బోలుగా వినిపిస్తుంది.

కోరస్ పెడల్‌ను మొత్తం బేస్ మీద వేయకండి. సిగ్నల్‌ను రెండుగా చీల్చండి. 200 హెర్ట్జ్ కింది భాగం శుభ్రంగా, మోనోలో ఉండాలి. పై భాగానికి మాత్రమే కోరస్, అదీ నెమ్మదైన రేటుతో. లేకపోతే కింది నోట్లు ఊగిసలాడి పాట నిలబడదు.

డ్రమ్మర్ వద్దనే నా మాట. ద సిస్టర్స్ ఆఫ్ మెర్సీ 1983 నాటి ‘టెంపుల్ ఆఫ్ లవ్’ను 1992లో మళ్లీ రికార్డు చేసి ఓఫ్రా హాజా గొంతు కలిపారు గానీ, డ్రమ్ మెషీన్‌ను వదల్లేదు. ఆ పాటల బిగువు అలిసిపోని డ్రమ్ముల వల్లే వస్తుంది. వేరే మెషీన్ దొరికితే కిక్కు, స్నేరు, హ్యాటు ఒక్కొక్కటే మిగతావి మ్యూట్ చేసి విడివిడిగా రికార్డు చేయండి. శాంపిళ్లయితే స్వింగ్ సున్నా, వెలాసిటీ (దెబ్బ బలం) మామూలు, యాక్సెంట్ అని రెండు స్థాయిలే పెట్టండి. మనిషి వాయించినట్టుండాలని నోట్లను అటూ ఇటూ జరిపితే పాట చచ్చిపోతుంది. టేపు మీద పాట 136లో పోతుంటే 136లోనే ఉంచండి, విన్నవాళ్లకు తెలిసిన పాట అదే.

చిత్తూరు_ఫోర్‌ట్రాక్:
దీనికి నేను ఒప్పుకోను. గొంతు దిగిన సింగర్‌కు 136లో మాటలు మింగేయాల్సి వస్తుంది. రెండు టెంపోల్లోనూ గైడ్ వోకల్ పాడించి, పల్లవిలో ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో చూశాక తేల్చుకోండి.

మండపం_ఎకో:
రివర్బ్ కోసం మద్రాసు పోనక్కర్లేదు. తిరుపతిలో కల్యాణ మండపాలకు కొదవా? ఆషాఢంలోనో మూఢంలోనో ఖాళీగా ఉంటాయి, ఒక రాత్రికి అడిగితే ఇస్తారు. స్టేజీ తెరలు, కార్పెట్లు చుట్టేయించండి, గుడ్డ ఉంటే మోత తగ్గిపోతుంది. ఫ్యాన్లన్నీ ఆపించండి. ఒక మూల స్పీకరును గోడ వైపు తిప్పి పెట్టండి, అవతలి కొసన మైకు. 20 మీటర్ల దూరముంటే శబ్దం 58 మిల్లీసెకన్లకు చేరుతుంది, గొంతుకు అది మంచి ప్రీడిలే (మోత మొదలయ్యే ముందుండే చిన్న ఆలస్యం). రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌తో 20 సెకన్ల స్వీప్ (కింది నుంచి పైకి పోయే శబ్దం) రెండు సార్లు వదలండి, మైకును ఎడమకొకసారి, కుడికొకసారి పెట్టి. స్పీకరు కదలకూడదు. వచ్చిన ఇంపల్స్ రెస్పాన్స్‌ను (మండపం మోత నమూనా) కన్వల్యూషన్ ప్లగిన్‌లో వేసుకుంటే ఆరు పాటలకూ ఆ మండపమే. రివర్బ్‌కు పంపే సెండ్‌లో 250 హెర్ట్జ్ కిందా 6 కిలోహెర్ట్జ్ పైనా కోసేయండి, బేస్‌ను దాంట్లోకి అసలు పంపొద్దు. స్వీప్ నడిచేటప్పుడు బయట ఒక్క హారన్ కొట్టినా ఆ టేక్ పనికిరాదు.

గిటారు డిలేకు 60,000ను (నిమిషానికి మిల్లీసెకన్లు) టెంపోతో భాగించండి. 132కు బీటు 455 మిల్లీసెకన్లు, డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీటు) 341.

బైరాగిపట్టెడ_బేస్:
చాలా థ్యాంక్స్ అన్నా. గిటారు ట్రాకుల్లో ఒక జివ్వుమనే మోత వస్తోంది, పెడల్ మార్చినా పోలేదు. పాటల రచయిత సంగతి కూడా చెప్పండి.

రేణిగుంట_సింత్:
స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నారేమో చూడండి. మెయిన్స్‌కు మార్చగానే మోత ఆగితే కారణం అదే. సైన్ వేవ్‌ది పెట్టాలి, లేదా కరెంటున్నప్పుడే గిటారు తీయాలి.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం, బాణీ, రికార్డింగు మూడింటి హక్కులూ వేర్వేరు. ఆయన మీకు రాతపూర్వకంగా బదలాయించకపోతే సాహిత్యం ఆయనదే. రాసిచ్చినా, కాగితంలో గడువు లేకపోతే అయిదేళ్లే చెల్లుతుంది. పాటవారీగా వాటా రాసి సంతకం తీసుకోండి. కొత్త రికార్డింగుకు కొత్త ఐఎస్‌ఆర్‌సీ (ప్రతి రికార్డింగుకూ ఇచ్చే గుర్తింపు కోడు) తీసుకోవాలి, పాతది వాడకూడదు. పాత ట్రాకు మీద గొంతు మార్చే పాటలుంటే, అప్పటి రికార్డింగుకు డబ్బు పెట్టినవాళ్ల అనుమతీ కావాలి.