‘హోల్డ్’ అంటే ‘పట్టుకోండి’ కాదు. మరేమనాలి?

టి.నగర్ నుంచి: చెన్నై ఫిజియోథెరపిస్టులకి ఒక ప్రశ్న. పీఎన్‌ఎఫ్‌లో (చేతిపట్టు, నోటిమాటలతో నరాలనీ కండరాలనీ కలిపి పనిచేయించే వ్యాయామ పద్ధతి) ‘హోల్డ్–రిలాక్స్’ (బిగుసుకున్న కండరంతో కదలకుండా బలం పెట్టించి, తర్వాత వదిలించి సాగదీయడం) చేయించేటప్పుడు తెలుగు రోగులకి ఏ మాట చెబుతున్నారు? నిఘంటువు మాట వద్దు, మంచం పక్కన పనికొచ్చేది కావాలి.

పెరంబూరు నుంచి: ‘పట్టుకోండి’ మాత్రం వద్దు. తొడ వెనక కండరం బిగుసుకుందనుకోండి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలు లేపి, లాగుతోందన్న చోట ఆపుతాం. అప్పుడు ‘పట్టుకోండి’ అంటే మంచం అంచు పట్టుకుంటారు! ‘నొక్కండి’ అంటే బలమంతా పెట్టి కాలు దించేస్తారు. కాలు కదిలితే అది హోల్డే కాదు. ‘బిగించండి’ అంటే ఊపిరీ బిగపడతారు, బీపీ ఉన్నవాళ్లకి అది ముప్పు. “కాలు ఇక్కడే ఉంచండి, నన్ను కదపనివ్వకండి” అనండి. మీరు కాలిని మెల్లగా ఇంకా పైకి నెట్టబోతూ ఒత్తిడి పెంచండి. ఆరేడు సెకన్లు చాలు, ఆ అంకెలు రోగి చేతే పైకి లెక్కపెట్టిస్తే ఊపిరి ఆగదు.

అడయారు నుంచి: 1940ల్లో హెర్మన్ కాబట్, మార్గరెట్ నాట్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో చేతిపట్టు ఎంతో నోటిమాటా అంతే. ‘రిలాక్స్’కి ‘సడలించండి’ అంటే రోగి మొహం చూస్తాడు. ‘లూజుగా వదలండి’ తమిళం ‘లూసా విడుంగ’కి నీడే, అయినా ఈ ఊళ్లో అందరికీ తెలుస్తుంది. “బరువంతా నా చేతిలో పెట్టండి” ఇంకా మేలు, నిజంగా వదిలాడో లేదో మీ చేతికే తెలుస్తుంది. ఆ తర్వాతే కాలు ఇంకొంచెం లేపాలి.

టి.నగర్ నుంచి: చేతి డీ2 ఫ్లెక్షన్‌కి (చేతిని అవతలివైపు తుంటి నుంచి ఏటవాలుగా పైకి, బయటికి తీసుకెళ్లే పీఎన్‌ఎఫ్ కదలిక) ‘కత్తి దూసినట్టు’ సరిపోతుందా?

అడయారు నుంచి: దారి సరే, వేళ్లు తప్పు. కత్తి అనగానే గుప్పెట చివరిదాకా మూసే ఉంచుతారు. అవతలివైపు తుంటి దగ్గర మూసిన వేళ్లు, చెయ్యి తనవైపు భుజం మీదుగా పైకి, బయటికి వెళ్లేసరికి పూర్తిగా విచ్చుకోవాలి. కదలిక కూడా వేళ్లు, మణికట్టు నుంచే మొదలవ్వాలి. ‘ఒడిలోంచి గింజలు తీసి పైకి చల్లినట్టు’ అంటే అరచెయ్యి దానంతటదే తెరుచుకుంటుంది.

పెరంబూరు నుంచి: మసాజ్ మాటల్లో నిమరడం, పిసకడం, తట్టడం బాగానే కుదురుతాయి. తంటా అంతా ఫ్రిక్షన్‌తోనే (ఒకే చోట వేలితో లోతుగా చేసే మసాజ్). బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ పద్ధతిలో వేలు చర్మం మీద జారకూడదు, రెండూ కలిసి టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) పోగులకి అడ్డంగా కదలాలి. అందుకే అక్కడ నూనె రాయరు. మనం ‘రుద్దండి’ అని ఇంటికి పంపితే జారుస్తూ రుద్ది, మర్నాటికి తోలు లేపుకొని వస్తారు. ‘చర్మంతో సహా అడ్డంగా కదపండి’ అనడమే నయం.